ఇన్‌స్టాల్ చేసినా 'నో మాడ్యూల్ నేమ్డ్ మైఎస్‌క్యూఎల్' అంటోంది, ఎవరైనా చెప్పండి

ఎర్రగడ్డల_గుమస్తా (కర్నూలు) · మంగళవారం రాత్రి 10:48

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇక్కడ రాసేది ఇదే మొదటిసారి. తప్పుంటే సర్దుకోండి.

నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఒక మండీలో గుమస్తాను. ఇప్పుడు ఎర్రగడ్డల సీజను. చీకటితోనే బండ్లు దిగుతాయి. తూకం చీటీలు రాసేది, సాయంత్రం అవన్నీ పెద్ద పుస్తకంలోకి ఎక్కించేది నా పని. రైతు పేరు, ఊరు, బస్తాలు, క్వింటాళ్లు, రేటు, హమాలీ, కమీషను. నూరు చీటీలు దాటిన రోజులు కూడా ఉన్నాయి. ఒక్క చీటీ లెక్క తప్పిందంటే మా షావుకారు గొంతు యార్డు గేటు దాకా వినపడతాది.

అందుకని రెండు నెలల నుంచి రాత్రిపూట వీడియోలు చూసి పైథాన్ (ప్రోగ్రాంలు రాసే భాష) నేర్చుకుంటా ఉన్నా. ఇఫ్‌లు, ఫర్‌లు, ఫంక్షన్లు అయినాయి. డేటాబేస్ పాఠం కాడికి వచ్చేసరికి బండి దిగబడిపోయింది. మొదటి లైనే ఇది:

ఇంపోర్ట్ మైఎస్‌క్యూఎల్.కనెక్టర్

రన్ చేస్తే ఎర్రగా వచ్చేది ఇది:

మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ 'మైఎస్‌క్యూఎల్'

మైఎస్‌క్యూఎల్ మూడుసార్లు తీసేసి మళ్లీ వేసినా. ఆ డౌన్‌లోడ్లకే రెండు రోజుల డేటా అయిపోయింది. పైథాన్‌కు కావాల్సినవి దించే పిప్ కూడా కొట్టినా. పిప్ ఏమో "ముందే ఉంది పో" అంటాది. పైథాన్ ఏమో "నా కాడ లేదు" అంటాది. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారో తెలీక తల పట్టుకున్నా. విండోస్ 10, మండీలో ఉండే పాత కంప్యూటర్.

---

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు) · మంగళవారం రాత్రి 11:02

విండోస్ ఫార్మాట్ కొట్టెయ్ బ్రో. అన్నీ పోతాయి, ఇది కూడా పోతాది.

---

ఎర్రగడ్డల_గుమస్తా · మంగళవారం రాత్రి 11:05

అన్నా, దాంట్లో మూడేండ్ల మండీ లెక్కలు ఉన్నాయి. అవి పోతే నేనూ పోతా.

---

నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 11:10

ఉగ్గాని, ఫార్మాట్ సలహాలు ఇంక వద్దు. చదివేవాళ్లకు ఒక మాట: ఇక్కడ లిపి తెలుగే కాబట్టి కమాండ్లు పలికినట్టు రాస్తాం. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

---

శుక్రవారం_బస్సు (అనంతపురం, ఉద్యోగం బెంగళూరు) · మంగళవారం రాత్రి 11:31

గుమస్తా తమ్ముడూ, మొదట ఒక ముక్క. నువ్వు మూడుసార్లు తీసి వేసిన మైఎస్‌క్యూఎల్‌కూ ఈ ఎర్రర్‌కూ ఏ సంబంధమూ లేదు. అది సర్వరు, అంటే డేటా దాచే గోడౌను. పైథాన్ అడుగుతున్నది గోడౌన్ దాకా పోయి సరుకు తెచ్చే హమాలీని. ఆ హమాలీ పేరే మాడ్యూలు. సర్వరు ఆగిపోయి ఉంటే ఎర్రర్ వేరేగా ఉంటుంది. 'కాంట్ కనెక్ట్' అని మొదలై, విండోస్‌లో చివర 10061 అని అంకె కూడా కనబడుతుంది. నీకు అది రాలేదు. నువ్వు ఇంకా గోడౌన్ దాకా పోనేలేదు.

ఇక పిప్, పైథాన్ ఇద్దరూ నిజమే చెప్తున్నారని నా అనుమానం. నీ కంప్యూటర్లో రెండు పైథాన్‌లు ఉండి ఉంటాయి. చూడాల్సినవి రెండే.

ఒకటి, నువ్వు ప్రోగ్రాం రన్ చేసే చోటే ఈ రెండు లైన్లు రన్ చెయ్:

ఇంపోర్ట్ సిస్
ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)

రెండు, నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్) మళ్లీ పిప్ ఇన్‌స్టాల్ కొట్టి, 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్' అన్న లైను మొత్తం ఇక్కడ పెట్టు. మొత్తం అంటే చివరి అక్షరం దాకా.

---

పాత_మేస్త్రి (ఆదోని) · బుధవారం ఉదయం 6:20

పొద్దున్నే నవ్వొచ్చింది. ఇరవై ఏండ్ల నుంచి భాషలు మారుతున్నాయి, ఈ జబ్బు మాత్రం మారలేదు. నేను పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు కట్టే భాష) మేస్త్రిని. మా కాలంలో 'మైఎస్‌క్యూఎల్_కనెక్ట్' అని ఒక ఫంక్షను ఉండేది. 2015 చివర్లో పీహెచ్‌పీ 7.0 వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పటికీ పాత నోట్సు పట్టుకుని పాఠం చెప్పేవాళ్లు ఉన్నారు. పిల్లోళ్లు అదే కొట్టి 'అన్‌డిఫైన్డ్ ఫంక్షన్' వచ్చిందని ఏడుస్తా నాకు ఫోన్ చేస్తారు.

ఇంకో రకం 'కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్'. డ్రైవర్ డిస్కులోనే ఉంటుంది. పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో దాని లైను ముందర ఒక సెమికోలన్ కూర్చుని ఉంటుంది, అంతే. అది చెరిపి వెబ్ సర్వరు అపాచీని ఆపి మళ్లీ లేపితే పని అయిపోతుంది. ఇందులో నాకు తగిలిన దెబ్బ ఏందంటే, నల్ల కిటికీలో నడిచే పీహెచ్‌పీకి ఒక ఐఎన్ఐ ఫైలు, అపాచీకి ఇంకో ఐఎన్ఐ ఫైలు. నేను ఒక పూటంతా తప్పు ఫైల్లో సెమికోలన్ చెరిపి, రాసి, చెరిపి, రాసి కూర్చున్నా. ఆఖరికి పీహెచ్‌పీఇన్ఫో పేజీలో 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అనే వరుస కంటబడింది. ఏ ఫైలు చదువుతున్నాడో వాడే రాసి పెట్టినాడు. నేనే చూడలేదు.

బస్సు తమ్ముడు చెప్పింది చెయ్ సామీ. నీదీ అదే కథ లాగుంది.

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం రాత్రి 9:55

ఈరోజు బండ్లు ఎక్కువ. తాడేపల్లిగూడెం పోయే లారీ లోడ్ అయ్యేసరికే చీకటి పడింది, అందుకే ఆలస్యం.

బస్సన్నా, నేను ప్రోగ్రాం రాసే ఐడిల్‌లో ఆ రెండు లైన్లు కొడితే చివర 'పైథాన్312\పైథాన్‌డబ్ల్యు.ఈఎక్స్‌ఈ' అని వచ్చింది. పిప్ లైను మొత్తం చదివితే చివర 'ఇన్' అని పెట్టి, పెద్ద దారి చూపించి, 'పైథాన్38\లిబ్\సైట్-ప్యాకేజెస్' అని ఉంది.

ఒకటి 312, ఇంకోటి 38. నేను 3.8 ఎప్పుడూ వెయ్యలేదన్నా!

---

శుక్రవారం_బస్సు · బుధవారం రాత్రి 10:07

దొరికింది. ఆ కంప్యూటర్లో ముందెవరైనా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటిది వేశారా?

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం రాత్రి 10:11

అవునన్నా. కాటా బిల్లులకని ఒకాయన వచ్చి ఏదో వేసి పోయినాడు. నెల తిరక్కముందే అది ఆగిపోయింది, ఆయన ఫోన్ కూడా ఆగిపోయింది.

---

శుక్రవారం_బస్సు · బుధవారం రాత్రి 10:26

ఆయన పోయినా ఆయన పైథాన్ పోలేదు. 'పిప్' అని ఒట్టిగా కొడితే విండోస్ పాత్ (ప్రోగ్రాంలు వెతికే ఫోల్డర్ల జాబితా) వరసలో ముందు కనబడిన పిప్ పలుకుతుంది. నీ కాడ అది 3.8 వాడిది. నువ్వు ప్రోగ్రాం రాసే ఐడిల్ 3.12 వాడిది. ఐడిల్ కిటికీ నెత్తిన 'ఐడిల్ షెల్ 3.12' అని రాసే ఉంటుంది, చూడు.

నల్ల కిటికీలో పివై -0పి అని కొడితే (సున్నా, తర్వాత పి) కంప్యూటర్లో ఉన్న పైథాన్‌లన్నీ దారులతో సహా వరసగా వస్తాయి. తర్వాత ఇది:

పివై -3.12 -ఎం పిప్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-పైథాన్

ఆ మధ్యలో ఉన్న '-ఎం పిప్' వల్ల ఏ పైథాన్‌ను పిలిచావో దాని సొంత పిప్పే పలుకుతుంది. పక్కింటి పిప్ పలకదు. నేనైతే ఒట్టి 'పిప్ ఇన్‌స్టాల్' కొట్టడం మానేసి ఏండ్లయింది.

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం రాత్రి 10:40

వచ్చిందన్నాఆఆ! ఎర్ర అక్షరాలు లేవు!

ఇప్పుడు అర్థమైంది. సరుకేమో పక్క మండీలో దించినా, చీటీ ఏమో మా మండీలో అడుగుతా ఉన్నా. పక్క మండీవాడు "దిగింది" అంటాడు, మావాడు "రాలేదు" అంటాడు. ఇద్దరూ నిజమే.

---

ఉగ్గాని_బజ్జీ · బుధవారం రాత్రి 10:44

ఈ మాట పైథాన్ వాళ్ల సైట్లో పెట్టించాల.

---

ప్లస్‌టూ_పరేషాన్ (కడప) · గురువారం సాయంత్రం 5:15

అంకుల్స్, నాది కూడా ఇదే టాపిక్. నేను సీబీఎస్ఈ 12వ తరగతి, కంప్యూటర్ సైన్స్. ప్రాజెక్టులో పైథాన్, మైఎస్‌క్యూఎల్ కలపాలి. నాకు ఇంపోర్ట్ బాగానే అవుతోంది. కనెక్ట్ దగ్గర మాత్రం 'అథెంటికేషన్ ప్లగిన్ క్యాచింగ్_ఎస్‌హెచ్‌ఏ2_పాస్‌వర్డ్ ఈజ్ నాట్ సపోర్టెడ్' అంటోంది. పాస్‌వర్డ్ కరెక్టే. పది సార్లు మార్చి చూశా.

---

ల్యాబ్_మేడమ్ (కడప) · గురువారం సాయంత్రం 6:40

పరేషాన్, నువ్వు పాస్‌వర్డ్ ఇంకో నూరుసార్లు మార్చినా అది మారదు. ఒకటి అడుగుతా. నువ్వు ఇన్‌స్టాల్ చేసింది 'మైఎస్‌క్యూఎల్-కనెక్టర్' అనా, లేక 'మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-పైథాన్' అనా?

---

ప్లస్‌టూ_పరేషాన్ · గురువారం సాయంత్రం 6:52

మొదటిది మేడమ్. వీడియోలో అదే చెప్పారు.

---

ల్యాబ్_మేడమ్ · గురువారం రాత్రి 8:15

అనుకున్నా. డిగ్రీ పిల్లలకు ల్యాబ్ చేయిస్తా కదా, వరసలో నలుగురు కూర్చుంటే ఇద్దరిది ఇదే సమస్య. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, అందరికీ పనికొస్తుంది.

ఆ రెండూ వేరువేరు ప్యాకేజీలు. చివర 'పైథాన్' ఉన్నది ఒరాకిల్ వాళ్లు నేటికీ చూసుకుంటున్నది. ఒట్టి 'మైఎస్‌క్యూఎల్-కనెక్టర్' పాతబడి పోయింది, దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. ఇద్దరినీ ఇంపోర్ట్ చేసే పేరు మాత్రం ఒకటే కాబట్టి ఏది ఉన్నా ఇంపోర్ట్ లైను గమ్మున దాటిపోతుంది. 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చినప్పుడు పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చారు, కొత్త పద్ధతి పేరే నీ ఎర్రర్‌లో ఉన్న ఆ పొడుగాటి పేరు. పాత కనెక్టర్‌కు ఆ పద్ధతి తెలీదు. నెట్‌లో కొందరు సర్వర్‌నే పాత పద్ధతికి తిప్పమంటారు. వద్దు. రెండు ప్యాకేజీలూ ఒకే ఫోల్డర్ పేరు వాడతాయి కాబట్టి రెండింటినీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, చివర 'పైథాన్' ఉన్నది ఒక్కటే మళ్లీ వెయ్.

పిల్లలు తికమక పడే ఇంకో చోటు, ఇన్‌స్టాల్ చేసే పేరు ఒకటి, ఇంపోర్ట్ చేసే పేరు ఇంకొకటి కావడం. 'మైఎస్‌క్యూఎల్‌క్లయింట్' అని ఇన్‌స్టాల్ చేస్తే ఇంపోర్ట్‌లో 'మైఎస్‌క్యూఎల్‌డీబీ' అని రాయాలి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లు 'సైకోపీజీ2-బైనరీ' అని వేసుకుని, 'సైకోపీజీ2' అని పిలవాలి. ఎర్రర్‌లో కనబడిన పేరునే కాపీ చేసి పిప్‌కు ఇస్తే ఒక్కోసారి దొరకదు. ఇంకోసారి సంబంధం లేని ఇంకేదో దిగుతుంది. రెండోదే ప్రమాదం. ఊరూ పేరూ తెలీని ప్యాకేజీని ఇంట్లోకి రానిచ్చినట్టే.

---

ఎర్రగడ్డల_గుమస్తా · గురువారం రాత్రి 9:30

మేడమ్, మా కాడ కూడా అంతే. రైతు పేరు ఒకటి, బస్తా మీద మార్కు ఒకటి. మార్కు చూసి పేరు పిలిస్తే ఎవరూ పలకరు.

---

ప్లస్‌టూ_పరేషాన్ · గురువారం రాత్రి 9:41

అయ్యింది మేడమ్!! థాంక్యూ థాంక్యూ. రేపు ఏడు రోడ్ల దగ్గర మీకు కారం దోసె నా లెక్కలో.

---

ల్యాబ్_మేడమ్ · గురువారం రాత్రి 9:50

ప్రాజెక్టు ఫైలు పూర్తి చెయ్ ముందు. దోసె సంగతి తర్వాత.

---

బుడ్డల_చేను (అనంతపురం) · శుక్రవారం మధ్యాహ్నం 2:05

నిర్వాహకుడు గారూ, ఇది కూడా ఇక్కడే అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. నాది ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్). పాత ల్యాప్‌టాప్. కొత్త పైథాన్ కావాలని సోర్సు దించుకుని నేనే కంపైల్ చేసినా (కోడ్ నుంచి ప్రోగ్రాం కట్టుకున్నా). గంట పట్టింది. ఇప్పుడు చిన్న డేటాబేస్ మాడ్యూలు కోసం 'ఇంపోర్ట్ ఎస్‌క్యూలైట్3' అంటే 'నో మాడ్యూల్ నేమ్డ్ _ఎస్‌క్యూలైట్3' అని వస్తోంది, ముందర కింది గీతతో. 'పిప్ ఇన్‌స్టాల్ ఎస్‌క్యూలైట్3' కొడితే అట్లాంటిది లేనే లేదంటోంది. అది పైథాన్‌తోనే వస్తాది కదప్పా?

---

శుక్రవారం_బస్సు · శుక్రవారం మధ్యాహ్నం 3:20

వస్తుంది. 2.5 నుంచీ పైథాన్‌లో భాగమే, అందుకే పిప్‌లో దొరకదు. నీ ఎర్రర్‌లో ఆ కింది గీతే అసలు సంగతి. 'ఎస్‌క్యూలైట్3' అనేది పైథాన్‌లో రాసిన పై తొడుగు, అది నీ కాడ ఉంది. దాని లోపల పనిచేసే సి ముక్క పేరు '_ఎస్‌క్యూలైట్3'. అది కంపైల్ కావాలంటే ఎస్‌క్యూలైట్ హెడర్ ఫైళ్లు మిషన్‌లో ఉండాలి. నువ్వు కంపైల్ చేసేటప్పుడు అవి లేవు. పైథాన్ ఆగలేదు, ఆ ఒక్క ముక్క వదిలేసి మిగతాది కట్టుకుంటా పోయింది.

మేక్ అయ్యాక చివర్లో 'ది నెసెసరీ బిట్స్ టు బిల్డ్ దీజ్ ఆప్షనల్ మాడ్యూల్స్ వర్ నాట్ ఫౌండ్' అని ఒక జాబితా వచ్చి ఉంటుంది. చూసినావా?

---

బుడ్డల_చేను · శుక్రవారం మధ్యాహ్నం 3:34

గంటసేపు అక్షరాలు గబగబా పారుతుంటే ఎవరు చూస్తారన్నా. టీ తాగడానికి పోయినా.

---

శుక్రవారం_బస్సు · శుక్రవారం మధ్యాహ్నం 3:52

అందరం టీకే పోతాం. సరే, ఇట్ల చెయ్.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్

తర్వాత అదే సోర్సు ఫోల్డర్‌లో కాన్ఫిగర్ మళ్లీ మొదటి నుంచి, ఆ పైన మేక్. ఈసారి చివరి జాబితా చదువు. అందులో ఎస్‌క్యూలైట్ పేరు లేకపోతే 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్'. ఒట్టి 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టొద్దు, అది 'పైథాన్3' అన్న పేరును కూడా పట్టుకుంటుంది. ఆల్ట్‌ఇన్‌స్టాల్ అయితే వెర్షన్ అంకెతో పక్కన విడిగా కూర్చుంటుంది.

ఇంకోటి. ఈ గొడవలో విసుగొచ్చి సిస్టంతో వచ్చిన పైథాన్‌ను తీసెయ్యాలని మాత్రం అనుకోవద్దు. నేను చదువుకునే రోజుల్లో హాస్టల్లో అదే చేసినా. ఆప్ట్ రిమూవ్ కొట్టినా, పెద్ద జాబితా చూపించి 'చెయ్యమంటావా' అని అడిగింది, చదవకుండా వై కొట్టినా. దాని మీద ఆధారపడినవన్నీ కట్ట కట్టుకుని పోయినాయి. మళ్లీ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ లేదు. నల్ల తెర, ఒక తెల్ల గీత ఆరుతా వెలుగుతా. తెల్లారితే రికార్డు సబ్మిషను.

---

పాత_మేస్త్రి · శుక్రవారం సాయంత్రం 4:30

నేనొకటి అడుగుతా. బుడ్డల తమ్ముడూ, నీకు నిజంగా సోర్సు నుంచి కంపైల్ చేసే పని ఉందా? నేర్చుకునేవాడికి ఉబుంటు ఇచ్చిన పైథానే ఎక్కువ. దానికి ఎస్‌క్యూలైట్ ముందే కట్టి ఇస్తారు. కొత్తది కావాలన్న కోరికతో ఇంజను విప్పుకుని కూర్చుంటారు. అంతలో పొద్దు గూకుతుంది.

---

బుడ్డల_చేను · శుక్రవారం సాయంత్రం 4:47

మాట నిజమే మేస్త్రీ. కానీ ఆ పైథాన్‌లో పిప్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని తరిమేసింది. ఆ కోపంతోనే కంపైల్ చేసినా.

---

ల్యాబ్_మేడమ్ · శుక్రవారం సాయంత్రం 5:30

అది తరమడం కాదు బాబూ, కాపలా. ఉబుంటు 23.04 నుంచి, డెబియన్ 12 నుంచి సిస్టం పైథాన్‌లోకి పిప్‌ను నేరుగా దిగనివ్వరు. 'బ్రేక్ సిస్టం ప్యాకేజెస్' అని ఒక జెండా జోడిస్తే దిగనిస్తుంది గానీ, దాని పేరులోనే ఏం జరుగుతుందో ఉంది కదా. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) కట్టుకో:

పైథాన్3 -ఎం వెన్వ్ గూడు

'పైథాన్3-వెన్వ్' లేదంటే ఆప్ట్‌తో వేసుకో. 'గూడు' అన్నది ఫోల్డర్ పేరు, నీ ఇష్టం, ఏదైనా పెట్టుకో. తర్వాత ఆ గూడు లోపలి పైథాన్‌తోనే పిప్, దానితోనే ప్రోగ్రాం. వీఎస్ కోడ్ వాడేవాళ్లు కింద కుడి మూలలో కనిపించే పైథాన్ వెర్షన్ మీద నొక్కి ఆ గూడునే ఎంచుకోవాలి. లేకపోతే మళ్లీ గుమస్తా గారి రెండు మండీల కథే.

---

ఎర్రగడ్డల_గుమస్తా · శనివారం రాత్రి 10:20

అన్నా, మళ్లీ వచ్చినా. మొహం చెల్లక వస్తున్నా.

బుధవారం అయింది కదా, గురువారం కూడా బాగానే ఆడింది. ఈరోజు ఫైళ్లన్నీ నీటుగా ఒక ఫోల్డర్‌లో సర్దినా, పేర్లు మార్చినా. మళ్లీ ఎర్రగా వచ్చింది. ఈసారి కొంచెం వేరేగా ఉంది:

నో మాడ్యూల్ నేమ్డ్ 'మైఎస్‌క్యూఎల్.కనెక్టర్', 'మైఎస్‌క్యూఎల్' ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్

పివై -0పి చూసినా. 3.12 లోనే ఉన్నా. ఏందన్నా ఇది, దిష్టి తగిలిందా?

---

పాత_మేస్త్రి · శనివారం రాత్రి 10:28

ఫైళ్లకు ఏం పేర్లు పెట్టినావు సామీ?

---

ఎర్రగడ్డల_గుమస్తా · శనివారం రాత్రి 10:33

తూకం.పివై, రైతులు.పివై, మైఎస్‌క్యూఎల్.పివై

---

ఉగ్గాని_బజ్జీ · శనివారం రాత్రి 10:34

🤦 దిష్టి కాదు, నామకరణం.

---

శుక్రవారం_బస్సు · శనివారం రాత్రి 11:15

ఊరొచ్చినా, ఇప్పుడే చూస్తున్నా. ప్రోగ్రాం రన్ చేస్తే పైథాన్ మాడ్యూల్ కోసం మొదట వెతికేది ఆ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే. సైట్-ప్యాకేజెస్ (పిప్ దించినవి ఉండే ఫోల్డర్) దాకా పోయేది తర్వాత. 'మైఎస్‌క్యూఎల్' అని అడిగితే గుమ్మంలోనే నీ మైఎస్‌క్యూఎల్.పివై ఎదురైంది. అదే అనుకుని పట్టుకుంది. దాని లోపల 'కనెక్టర్' కోసం చూస్తే, అది ఫోల్డర్ లాంటి ప్యాకేజీ కాదు, ఒంటి ఫైలు. 'ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్' అని ఎర్రర్ అన్నది ఆ మాటే. అదే ఫోల్డర్‌లో ఉన్నందుకు తూకం.పివై కూడా దెబ్బతింటుంది.

పేరు మార్చు చాలు. ఎస్‌క్యూలైట్3.పివై, సీఎస్‌వీ.పివై, ర్యాండమ్.పివై లాంటి పేర్లు కూడా పెట్టొద్దు.

---

పాత_మేస్త్రి · శనివారం రాత్రి 11:21

పైథాన్ తయారుచేసి దాచుకునే ఆ పైక్యాష్ ఫోల్డర్ కూడా తీసెయ్యాల. లేకపోతే పాతది పట్టుకుని వేలాడుతుంది.

---

శుక్రవారం_బస్సు · శనివారం రాత్రి 11:29

అది పైథాన్ 2 నాటి మాట మేస్త్రీ. అప్పుడు పీవైసీ (కంపైల్ అయిన) ఫైలు పక్కనే పడి ఉండేది, అసలు ఫైలు పోయినా అదే పలికేది. 3.2 నుంచి అవి పైక్యాష్‌లోకి పోయినాయి, అసలు ఫైలు లేకపోతే వాటిని తీసుకోదు. తీసేసినా నష్టం లేదు, తియ్యకపోయినా ఫరవాలేదు.

---

పాత_మేస్త్రి · శనివారం రాత్రి 11:31

ఒప్పుకుంటున్నా. ముసలోళ్ల మందులు.

---

ల్యాబ్_మేడమ్ · ఆదివారం ఉదయం 9:10

గుమస్తా గారూ, నాకు మొదటి నుంచీ ఒక ప్రశ్న ఉంది. ఆ కంప్యూటర్ ఒక్కటేనా? చీటీలు ఎక్కించేది మీరొక్కరేనా?

---

ఎర్రగడ్డల_గుమస్తా · ఆదివారం ఉదయం 9:25

ఒక్కటే మేడమ్, నేనొక్కడినే. మా షావుకారు కొడుకు కాటా కాడ ఇంకోటి పెడతా అంటున్నాడు. అనబట్టి ఏడాది అయింది.

---

ల్యాబ్_మేడమ్ · ఆదివారం ఉదయం 10:05

అయితే మీకు మైఎస్‌క్యూఎల్ ఎందుకు? ఎస్‌క్యూలైట్ చాలు. సర్వరు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, పిప్ అక్కర్లేదు. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు. రాత్రి ఇంటికి పోయేటప్పుడు ప్రోగ్రాం మూసేసి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టే. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో మొదలుపెట్టిన దాన్ని ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోను కూడా వాడుతోంది.

---

పాత_మేస్త్రి · ఆదివారం ఉదయం 10:40

నేను ఒప్పుకోను మేడమ్. అతను నేర్చుకుంటున్నాడు. రేపు ఉద్యోగానికి పోతే మైఎస్‌క్యూఎల్ అడుగుతారు గానీ ఎస్‌క్యూలైట్ ఎవరడుగుతారు? మైఎస్‌క్యూఎల్ కట్టినాయన తన కూతురి పేరు మీద పెట్టుకున్న పేరది. మై అంటే ఆ పాప. చిన్న పాప పేరు మరియా, ఆ పేరు మీద మరియాడీబీ. అంత ప్రేమగా కట్టినదాన్ని వద్దంటారా?

---

ల్యాబ్_మేడమ్ · ఆదివారం ఉదయం 11:00

ప్రేమ ఉంటే ఉండనీ మేస్త్రీ. ఆయన సమస్య ఉద్యోగం కాదు, రాత్రి తొమ్మిదింటికి షావుకారు గొంతు.

---

శుక్రవారం_బస్సు · ఆదివారం మధ్యాహ్నం 12:15

ఇద్దరి మాటా కొంత నిలబడుతుంది. ఇప్పటికి ఎస్‌క్యూలైట్. కాటా కాడ రెండో కంప్యూటర్ నిజంగా వచ్చిన రోజు మైఎస్‌క్యూఎల్‌కు మారు. ఆ ఎస్‌క్యూలైట్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి రెండు మిషన్ల నుంచి రాయాలని మాత్రం చూడొద్దు. నెట్‌వర్క్ మీద ఫైలు తాళాలు సరిగా పడవు, ఫైలు చెడిపోతుంది.

మారడం కూడా పెద్ద పని కాదు. పైథాన్‌లో డేటాబేస్ మాడ్యూళ్లన్నీ పెప్ 249 అనే ఒకే ఒప్పందం మీద నడుస్తాయి. కనెక్ట్, కర్సర్, ఎగ్జిక్యూట్, ఫెచ్ఆల్ అన్నింట్లో అవే పేర్లు. విలువలు పెట్టే చోట ఎస్‌క్యూలైట్‌లో ప్రశ్న గుర్తు, మైఎస్‌క్యూఎల్ కనెక్టర్‌లో శాతం గుర్తు పక్కన ఎస్. మార్చాల్సింది ఎక్కువగా అదే. రేటు, కమీషను పైసల్లో పూర్ణసంఖ్యగా దాచు. ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా) దాస్తే కూడికల్లో పైసా అటూ ఇటూ జారుతుంది.

---

ఎర్రగడ్డల_గుమస్తా · ఆదివారం మధ్యాహ్నం 12:50

పైసా జారితే మా కాడ పంచాయితీనే. రాసుకున్నా అన్నా. ఎస్‌క్యూలైట్ పెడతా. మేస్త్రన్నా కోపం చేసుకోవద్దు, మైఎస్‌క్యూఎల్ కూడా తియ్యను, పాఠానికి ఉంచుకుంటా.

---

ఎర్రగడ్డల_గుమస్తా · మంగళవారం రాత్రి 9:15

అయ్యింది! ఈరోజు 43 చీటీలు ఎక్కించినా. ఊరి పేరు కొడితే ఆ ఊరి బస్తాలన్నీ కూడి చూపిస్తోంది. కోడుమూరుకు 118 బస్తాలు. పుస్తకంతో సరిచూసినా, సరిపోయింది. షావుకారును పిలిచి చూపించినా. ఏమీ అనలేదు, కండ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసినాడు. అదే ఎక్కువ.

---

ప్లస్‌టూ_పరేషాన్ · మంగళవారం రాత్రి 9:22

🔥🔥 అంకుల్ సూపర్

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం ఉదయం 5:40

అన్నా.

పొద్దున తెరిస్తే ఒక్క చీటీ లేదు. టేబుల్ ఉంది, లోపల ఖాళీ. రాత్రి నా కండ్లతో చూసినా, షావుకారు చూసినాడు. ఎర్రర్ కూడా ఏమీ రాలేదు.

---

శుక్రవారం_బస్సు · బుధవారం ఉదయం 6:02

ప్రోగ్రాంలో 'కమిట్' అన్న మాట ఎక్కడైనా ఉందా?

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం ఉదయం 6:05

లేదన్నా. వీడియోలో ఆ పాఠం తర్వాతది అనుకుంటా.

---

శుక్రవారం_బస్సు · బుధవారం ఉదయం 6:18

ఇన్సర్ట్ చేస్తే అది పెన్సిల్ రాత. కమిట్ అంటేనే సిరా. అదే కనెక్షన్‌లో నువ్వు చూస్తే నీ పెన్సిల్ రాత నీకు కనబడుతుంది, అందుకే రాత్రి కూడికలు కూడా సరిగ్గా వచ్చినాయి. కమిట్ లేకుండా ప్రోగ్రాం మూస్తే అంతా చెరిపేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. మైఎస్‌క్యూఎల్ కనెక్టర్‌లో కూడా ఇదే పద్ధతి. ప్రతి చీటీ ఎక్కిన వెంటనే కనెక్షన్.కమిట్() పెట్టు. రోజు చివర్లో ఒక్కసారి పెడదామనుకోవద్దు, కరెంటు పోతే మళ్లీ ఇదే కథ.

చీటీలు ఉన్నాయా?

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం ఉదయం 6:24

ఉన్నాయన్నా. రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టినా. బండ్లు దిగే లోపల మళ్లీ ఎక్కిస్తా. కమిట్ పెట్టినా. ఒక చీటీ ఎక్కించి, మూసి, తెరిచి చూసినా. ఉంది.

ఇంకా 42.

---

ఉగ్గాని_బజ్జీ · బుధవారం ఉదయం 7:10

ఎక్కించినాక రాజ్‌విహార్ దిక్కు రా బ్రో. ఉగ్గాని వేడిగా ఉంది.

---

ఎర్రగడ్డల_గుమస్తా · బుధవారం రాత్రి 10:05

మొత్తం 43 ఎక్కినాయి, ఈరోజువి 61. మూసి తెరిచి మూడుసార్లు చూసినా, ఉన్నాయి. ఒక చిన్న సందేహం. షావుకారుకు ఎక్సెల్‌లో కావాలంట. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) చేసి తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా వస్తున్నాయి. 'కోడుమూరు' అన్నది చదివితే వేరే దేశం ఊరు లాగుంది.

---

ల్యాబ్_మేడమ్ · బుధవారం రాత్రి 10:12

ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-ఎస్‌ఐజీ' అని ఇవ్వండి. చివర ఆ ఎస్‌ఐజీ ఉంటేనే ఎక్సెల్ గుర్తుపడుతుంది.

---

నిర్వాహకుడు · బుధవారం రాత్రి 10:20

దీని తర్వాతి ప్రశ్నకు కొత్త త్రెడ్ తెరవండి గుమస్తా గారూ. దీనికి 'పరిష్కారమైంది' గుర్తు పెడుతున్నా.